సముద్రంలో పట్టా

నాకు సముద్రంలో పట్టా ఉంది.
నవ్వకండి.
ముత్తాత నాటి కాగితం, రేకు పెట్టెలో
టీ పొడి వాసనేస్తూ ఉంటుంది.
తూర్పున ఖమీస్ వాళ్ల నీళ్లు, పడమట ఇసుక తిప్ప,
ఉత్తరాన లోతు, దక్షిణాన మా గడప.
వాన మొహం చాటేసే కెర్కెన్నా దీవిలో
పొలాలు లేక మా పెద్దవాళ్లు
నీళ్లకే గట్లు వేసి పంచుకున్నారు.

గట్లంటే ఖర్జూరపు మట్టలు.
ఏటేటా పాతుతాను, మోకాటి లోతులో, వరసగా,
చివర ఒక గది వచ్చేలా.
షర్ఫియా అంటాం.
పోటుకి వచ్చిన చేప దారి తప్పి
ఆటు వేళకి గదిలో ఉంటుంది.
వెళ్లి తెచ్చుకుంటాను. అంతే నా వ్యవసాయం.

ఈ ఏడు తూర్పుగాలి ఐదు రోజులు ఆగలేదు.
ఆరో నాడు తెల్లారేసరికి ఒడ్డంతా
ఎవరో పెళ్లి పెట్టుకుని, గిన్నెలన్నీ బోర్లించి,
తినకుండానే లేచి వెళ్లినట్టుంది.
జెల్లీచేపలు.
వంకాయ రంగు అంచు, లోపల విరిగిన పాలు.
కొన్ని గంపంత, కొన్ని అరచేతంత.
కాలు మోపుదామంటే చోటు లేదు.

స్ఫాక్స్ దళారీకి ఫోన్ చేశాను, కిలో ఎంతకి కొంటావని.
చైనాలో తింటారట, ఈదుకుంటూ వెళ్లి అమ్ముకో అన్నాడు.
హోటల్ వాళ్లు ట్రాక్టరు తెప్పించి
గొయ్యి తీసి పూడ్చారు.
మూడో నాడు కుక్క తవ్వితే
గోతిలో తడి తప్ప ఏమీ లేదు.

"దీనికి ఎముక లేదు, నెత్తురు లేదు, గుండె లేదు,
బళ్లో చెప్పారు.
మరి చచ్చిపోయిందని ఎట్లా తెలుస్తుంది తాతా?"
పుల్లతో పొడుస్తూ అడిగాడు మహ్రెజ్.
పుల్ల లాక్కుని పారేశాను.

మా యాసలో దీని పేరు హరీగా. మంట.
దొంగచాటుగా సముద్రం దాటడం కూడా మాకు మంటే, హర్గా.
పేరున్న కాగితాలు తగలబెట్టి
రాత్రిపూట అవతలి ఒడ్డుకి పడవెక్కేవాళ్లని
కాల్చినవాళ్లు అంటాం.
ఒకే నిప్పులోంచి రెండు మాటలు.
వాటికి కాగితం లేదు, వీళ్లకి లేదు.
కాగితం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే,
నా నాలుగు హద్దుల్లోకే వస్తారు అందరూ.

పోయిన చలికాలం, వాన తెరిపిచ్చిన పొద్దున,
గదిలో చేపల మధ్య ఒక బూటు.
లేసు రెండు ముళ్లు వేసి గట్టిగా కట్టుకున్నాడు.
నేనూ ఖమీసూ మోసుకొచ్చాం.
పేరు రాయాల్సిన చోట
తేదీ రాశాం.

మీకు చెప్పని సంగతి ఒకటుంది.
ఆరో నాడు, ఒడ్డు కంటే ముందు
నేను చూసింది గదిని.
చీకటి విడలేదు.
మట్టల మూలన తెల్లగా ఏదో,
బోర్లా, మెల్లగా ఊగుతూ.
కాళ్లు రాలేదు.
ఖమీస్‌ని కేకేద్దామంటే గొంతూ రాలేదు.
చివరికి వంగి చెయ్యి చాపాను,
భుజం తగులుతుందనుకుని.

భగ్గుమంది.
మోచేతి దాకా పాకింది.
అమ్మయ్య అనుకున్నాను.
నీళ్లలోనే కూలబడి
కాలుతున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని
హమ్దుల్లా, హమ్దుల్లా అంటూ
చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సాల్హా టమాటా చెక్కతో చెయ్యి రుద్దుతూ తిట్టింది,
"లాంతరు పెట్టుకుని చేత్తో తడుముతావా,
కళ్లు పోయాయా?"
నేను మాట్లాడలేదు.
ఆవిడా ఇంకేం అడగలేదు.
గుమ్మం పక్క బల్ల మీద
పోయిన చలికాలం నుంచీ ఒక తెల్లదుప్పటి ఉంటుంది.
తీసింది. వాకిట్లోకి తెచ్చి
ఇసుక రాలిందాకా దులిపింది.
మళ్లీ మడిచి
అక్కడే పెట్టింది.