చిత్తు ప్రతి

చిత్తూరు కోర్టు రికార్డు గదిలో
నాది ఇరవై రెండేళ్ల దుమ్ము.
ఈ నెల నాశనం చేయాల్సిన కట్టల్లో
ఎర్రగుడ్డ మూట ఒకటి.
విప్పితే తుప్పురంగుకు తిరిగిన సిరా,
కుడికి ఒరిగిన అక్షరాలు,
చింతగింజంత ఒక చెదపురుగు
తన దారిన తాను పోతూ.

నంజుండయ్య, జిల్లా మునసబు.
నేను చూసిన మనిషి కాదు,
చూసినవాళ్లనూ చూడలేదు.
సర్వీసు పుస్తకంలో రెండు పేజీలు,
దస్తూరీలో కొన్ని వేలు,
ఆ సందులో నేను కట్టుకున్న మనిషి.

తండ్రి మొగిలి కనుమలో బెల్లం బండ్లు తోలాడు.
కొడుకు వేలూరు కోర్టులో నకళ్లు రాశాడు,
నెలకు పన్నెండు రూపాయలు.
ఊరందరి తీర్పులూ రాసి రాసి
ఏ వాక్యం దగ్గర న్యాయం తడబడుతుందో
వేళ్లకు తెలిసిపోయిందట.
అట అంటున్నది నేనే. ఎవరూ చెప్పలేదు.

మద్రాసు పరీక్ష రెండుసార్లు తప్పాడు.
పుస్తకం ఆ మాట దాచలేదు.
మునసబుగా మొదటి కుర్చీ తిరుపతిలో:
సత్రం అరుగు మీద ఎవరి చాప ముందు పరిచింది,
కంచుచెంబు మీద చెక్కిన పేరు ఎవరి తాతది.
తర్వాత మదనపల్లె. అక్కడ చలికి
సిరా చిక్కబడుతోందని పైకి అర్జీ పెట్టుకున్నాడు.
సిరా రాలేదు, బదిలీ వచ్చింది.
జిల్లా కొత్తగా పుట్టిన ఏడాది
చిత్తూరులో దిగాడు.

ముప్పై ఏళ్ల నౌకరీలో సెలవు చీట్లు మూడు.
అమ్మ పోయినప్పుడు రెండు రోజులు.
జ్వరానికి తొమ్మిది.
మూడోదానికి కారణం గడి ఖాళీ.
మంజూరైంది.

అసలు దావా నెంబరు రెండువందల పద్నాలుగు, పందొమ్మిది వందల పదమూడు.
వాది చెంగమ్మ, గుడిపాల పక్క పల్లె.
అడిగింది బావిలో పావు వంతు నీళ్లు,
వారానికి రెండు పూటల మోట.
మొగుడు బతికుండగా రాయించిన కాగితం ఉంది,
రిజిస్టరు కాలేదు.
ఎదుటివైపు బావగారు దొరస్వామి,
ఆయనకు నలుగురు సాక్షులు,
నలుగురిదీ ఒకటే మాట,
దగ్గు కూడా ఒకేచోట.
ఆమె వాంగ్మూలం మాత్రం అటూ ఇటూ పోయింది,
మధ్యలో ఎద్దు సంగతి వచ్చింది,
వరిమడి ఎండిన వాసన వచ్చింది,
గుమాస్తా అవన్నీ రాసుకున్నాడు పాపం.

పదకొండు పేజీల ఇంగ్లీషు.
ఎక్కడా కొట్టివేత లేదు, తొందర లేదు.
చివర: దావా కొట్టివేయడమైనది,
ఖర్చులతో.
తొమ్మిది రూపాయల నాలుగణాలు.

ఆ పేజీ వెనక్కి తిప్పాను.
సన్నటి పెన్సిలు, తెలుగులో మూడు మాటలు:
ఈమె చెప్పినదే నిజము.

తీర్పు తేదీ జూలై పద్దెనిమిది, శుక్రవారం.
కారణం లేని సెలవు సోమవారం.
ఈ రెండింటినీ ఒక దారంతో కుట్టాలని
చేయి లేస్తుంది నాకు.
సాక్ష్యం చాలదని ఆయనే కొట్టేస్తాడు.

పై పదవికి పేరు ఒకసారి వెళ్లింది.
ఎర్రసిరాతో తిరిగొచ్చింది:
నమ్మకస్తుడు, నెమ్మది జాస్తి.
దిగిపోయిన రోజు అప్పగింత జాబితా ఉంది,
కుర్చీ ఒకటి, పంకా తాడు ఒకటి,
సిరాబుడ్లు రెండు, అందులో ఒకటి పగులు,
పెన్సిళ్లు లేవు.

సాఫు చేసిన తీర్పు పై అరలో భద్రం.
దానికి శాశ్వత ముద్ర ఉంది.
నా చేతిలో ఉన్నది చిత్తు.
చిత్తుకు గడువు తీరింది.
మూడు మాటలూ చిత్తులోనే ఉన్నాయి.

ఐదింటికి కాగితాల బండి వస్తుంది.
కిలోల లెక్కన తూస్తారు.
రిజిస్టరు తెరిచిపెట్టుకున్నాను,
నెంబరు రాశాను,
ఎదుట 'నాశనం', 'నిలుపుదల' రెండు గళ్లు.
పెన్సిలు ములుకు విరిగింది.
చెక్కుతూ కూర్చున్నాను,
కావలసిన దానికన్నా సన్నగా.