నాలుగో నంబరు డిమ్మర్

నోటీసు బోర్డు మీద మా పేర్లున్నయి.
లైట్లోళ్ళు, సెట్టోళ్ళు, బట్టలోళ్ళు, అందరికీ
నటన పేపరు తప్పనిసరి. రెండు క్రెడిట్లు.
భిక్షపతి చదివి, చెవి మీది పెన్సిలు తీసి
మళ్ళ చెవి మీదనే పెట్టుకున్నడు.
నఫీసా అన్నది:
"నా నోట్ల ఎప్పుడూ గుండుసూదులుంటయి,
డైలాగు యాడ పెట్టుకోవాలె?"

నవ్విన గని నాకూ కడుపుల దేవింది.

మా నాయినది ధూల్‌పేటల లైటింగు డెకరేషను.
బరాత్ వెనకాల నడిచే జనరేటరు బండి మీద
నేను పెరిగిన.
అందరూ పెండ్లికొడుకును చూస్తరు.
నేను వైరును చూస్తుంటి,
ఎవరి కాలుకన్న తట్టుకుంటదేమో అని.

ఈడ సుత రెండేండ్లు నిచ్చెన మీదనే చదువుకున్న.
ఏ మొఖం మీద ఏ రంగు కాయితం ఏస్తె దుఃఖమో,
ఏదేస్తె ఉత్త జరమో, నాకెరుకే.
ప్రద్యుమ్న ఏడ్వాల్సిన కాడ ఏడ్పు రాకుంటె
పక్కనుంచి ఒక్క లైటు, కిందికెల్లి, సన్నగ.
తెల్లారి పేపర్ల "కంటతడి పెట్టించిన నటన" అని రాసిన్రు.
ఆ తడి నాది.
ఎవ్వరికీ చెప్పలే.

బుధవారం పొద్దున క్లాసు. చెప్పులు బయట.
రుక్మాంగదరావు సారు "చెట్టువి కా అమ్మా" అన్నడు.
ఏం చెట్టు సార్?
"నీ ఇష్టం."
ఇష్టమంటె నాకు రాదు. నాకు క్యూ కావాలె.
చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలువని మనిషిని
ఆ రోజే దగ్గరికెల్లి చూసిన. నేనే.
టెస్టరు లేకుంటె నాకు చేతులే లేవు.

తర్వాత భిక్షపతి.
"ఇంట్ల ఒక్కనివే ఉన్నవు. అంతే. ఏం చేస్తవో చెయ్యి."
నిలబడ్డడు. అంగీ వీపుకు అతుక్కున్నది.
వెనకాల గోడ, వాడే కొట్టిన ప్లైవుడ్డు గోడ,
ఫ్యాను గాలికి ఊగుతున్నది.
అటు తిరిగిండు. మాకు వీపు పెట్టిండు,
అట్ల పెట్టొద్దని మొదటి రోజే చెప్పిన్రు.
వంగి, జేబుల మొల ఏరి, నడుములున్న సుత్తె తీసి
మూడు దెబ్బలు.
గోడను చెయ్యితోటి నిమిరిండు,
ఈనిన బర్రెను నిమిరినట్టు.

ఎవ్వరం దగ్గలే.
సారు రిజిస్టర్ల ఏందో రాసుకున్నడు
మాకు కనవడకుంట చెయ్యి అడ్డం పెట్టి.
"అయ్యింది సార్," అన్నడు వాడు ఇటు తిరిగి,
"ఇగ మొదలువెట్టాల్నా?"

పరీక్ష నాడు తెలిసింది,
నటులకు సుత ఒక తప్పనిసరి పేపరున్నదట.
లైటు బోర్డు కాడ ప్రద్యుమ్న.
స్టేజీ నడుమ నేను. చీకటి.
సైఫాబాదు రోడ్డు మీద ఎవలో హారను మీదికెల్లి
చెయ్యి తీస్తలేరు.

నేనే బిగించిన లైటు కింద,
నేనే అంటించిన తెల్ల టేపు ముక్క మీద నిలవడ్డ.
వెలుతురు రాలే.
వచ్చింది, అదిరింది, పోయింది.

నా మొదటి మాట "అమ్మా, తలుపు తియ్యి."
నెలరోజులు బాత్రూముల చదివిన మాట.
నోట్లకెల్లి వచ్చింది వేరే:

"నాలుగో నంబరు లూజున్నది.
మెల్లగ. భయపడకు. నొక్కి పట్టు."

అవుతల నీలం జీరో బల్బు కింద
వాని మొఖం కనవడ్డది,
పౌడరు లేకుంట, నోరు తెరుచుకొని.
రెండేండ్లు నేనట్లనే కూసున్ననా?
ఈడ నిలవడ్డోళ్ళు ఎవలన్న
ఒక్కపారన్న నన్ను చూసిన్రా?

వాని వేలు కదిలింది.
చెంపకు వేడి తాకింది, జర ఆలస్యంగ.

అప్పుడన్న:
"అమ్మా,
తలుపు తియ్యి."