అంచు మీద గీత

ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి.
ఎంత పాతదైనా, ఎంత తుప్పు పట్టినా.
"అది పేలక ఎనభై ఏళ్లయింది" అంది లవీనియా స్టట్జ్‌మన్,
పార్కర్స్‌బర్గ్‌లో, వాళ్ల వంటింటి బల్ల దగ్గర,
ఆపిల్ తొక్కలు పక్కకి తోసి
దిండుగలీబు మూట విప్పుతూ.
తుపాకుల విషయంలో నేను
మా అమ్మ మాట కూడా నమ్మను.

గొట్టం గోడవైపు తిప్పి ఇరుసు పుల్ల లాగితే
సిలిండర్ అరచేతిలోకి జారింది,
వేసవిలో బావినీళ్లంత చల్లగా.
ఐదు గదులు.
నాలుగింట్లోంచి కిటికీ కనిపించింది.
ఐదోది చీకటి.

దాన్ని దూరంగా నిలబెట్టి
మిగతాది చూశాను.

చేసినవాడి పేరు లేదు.
గొట్టం పైన చెక్కిన పేరులో
రెండక్షరాలే మిగిలాయి, అవీ సందేహమే.
పరువున్న కంపెనీలు పేరు దాచుకోవు.
ట్రిగ్గర్‌కి చుట్టూ కాపలా కమ్మీ లేదు,
సుత్తి ఎత్తితేనే ఒరలోంచి తొంగిచూస్తుంది.
ముప్పై రెండు సైజు, అంచు మీద కొడితే పేలే రకం.
ఆ తూటాలు ఇప్పుడు ఏ కొట్లో అడిగినా
కుర్రాడు నవ్వుతాడు.

నికెల్ పూత?
తుప్పు గుంటల్లోకి కూడా దిగి మెరిసిందంటే
తర్వాత ఎవడో పూయించినట్టు.
ఇది గుంటల అంచున పొరలు పొరలుగా లేచింది.
పుట్టినప్పటిదే. మంచిది.
మరల నెత్తిన గాట్లు లేవు.
పిడి చెక్క విప్పితే ఇనుము మీద నాలుగు వందల పద్దెనిమిది,
చెక్క లోపల పెన్సిల్‌తో అదే అంకె.
ఒక తల్లి బిడ్డలే.

మనసులో నూట అరవై దాకా వెళ్లాను.
నోటితో నూట పది అందామనుకున్నాను.
నా వృత్తిలో ఈ రెంటి మధ్య దూరమే
నా ఇంటద్దె.

అప్పుడు సుత్తి చూశాను.
ముక్కు లేదు.
తూటా అంచుని కొట్టాల్సిన ఆ చిన్న ఇనుప ముక్కు.
విరిగితే గరుకుగా ఉంటుంది.
ఇది నున్నగా ఉంది.
భూతద్దం కింద సన్నని గీతలు, వందలు,
అన్నీ ఒకే వాలు.
కమ్మరి ఆకురాయి కాదు.
గోళ్లు రాసుకునేది.
ఎడమచేతి వాటం.
ఎన్ని రాత్రులు పట్టిందో,
పక్కగదిలో ఎవరి గురక వింటూ రాసిందో.

ఇరుసు పుల్లతోనే ఐదో గదిలో తూటాని
మెల్లగా నెట్టాను.
సీసం తెల్లబడింది. రాగి నల్లబడింది.
అడుగున, అంచు మీద,
గోరుతో గీసినంత గీత.

ఇక్కడ ఆగిపోయాను.
సుత్తి ఒకసారి పడింది.
ముక్కు అరిగిపోయాకే పడింది.
ఎవరో ఎవరి వైపో పట్టుకుని
ట్రిగ్గర్ నొక్కారు.

చెప్పాను. చెప్పకుండా ధర తగ్గించడం
దొంగతనం అనిపించింది, ఆ రోజుకి.

లవీనియా చాలాసేపు తూటానే చూసింది.
"తాతయ్య గొప్పగా చెప్పుకునేవాడు,
దాంతో ఎన్నడూ అవసరం పడలేదని.
రోజూ తలగడ కింద పెట్టుకునేవాడు."
ఆగింది.
"నానమ్మ వినేది. ఏమీ అనేది కాదు.
పళ్లెంలో ఇంకో బంగాళాదుంప వేసేది."
కత్తి అందుకుని ఆపిల్ తొక్క తీయడం మొదలెట్టింది,
ఎడమచేత్తో.

"యాభై" అన్నాను.
ముక్కులేని సుత్తికి సంతలో అంతే.
"బాగు చేస్తే?"
నా డబ్బాలో సరిపోయే సుత్తి ఉంది.
మళ్లీ నూట అరవై అవుతుంది.
అబద్ధమాడలేదు.

తొక్క తెగకుండా నేల దాకా వేలాడింది.
"తూటా తీసుకుపో. అది ఇంట్లో వద్దు.
పాత సుత్తి మాత్రం నాకు పోస్టులో పంపు."

రసీదు రాశాను.
రివాల్వర్ ఒకటి, నికెల్, తయారీదారు తెలియదు.
యాభై డాలర్లు, చెల్లు.
కింద ఇంకో పంక్తి,
ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయనిది:
అమ్మినవారికి ఒక సుత్తి బాకీ.