ధర చీటీ

మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా
ఎరువుల దుకాణం మీద మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే ఉల్లిగడ్డ వాసన,
మూస్తే ఉక్క.
నేను, షంషాద్, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను.

మొదట రాసింది ఉల్లి పేజీ.
అందులో ఒక చిన్న చీటీ:
రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర.
చుట్టూ గీత, మూలలు కొంచెం గుండ్రంగా.
బుడ్డల పేజీ రాసిన రోజు
ఆ చీటీనే ఎత్తి అక్కడ అతికించినాను.
వాముకు అట్లనే. కందులకు అట్లనే.
ఆముదాలకు వచ్చేసరికి
అతికించినట్టు కూడా గుర్తు లేదు.

ఎండాకాలంలో చిన్న మార్పు చెప్పినారు,
తరుగు తీసినంక మిగిలిన తూకమే చూపాలని.
నాలుగు చోట్ల దిద్దినాను.
ఐదోది మరిచినాను.

కోడుమూరు ఉరుకుందు
ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చినాడు.
"దీంట్లో ఒక లెక్క, మండీలో ఒక లెక్క,
నా ఆముదాలు నడిమిట్ల యాడికి పోయినాయి సామీ?"
కోపంగా లేడు. అదే కష్టం.

ఆ రాత్రి ఐదు చీటీలూ ఊడబెరికి
ఒకటి చేసినాము.
ఉమ్మడి అని ఒక ఫోల్డరు.
అందులో చీటీ, బటను, తేదీ గడి.
ఏ మాడ్యూలుకు కావాలన్నా అక్కడినుంచే పిలుచుకోవాల.
షంషాద్ గోడ మీద మార్కరుతో రాసింది:
వాడుకో. ఎత్తుకుపోవాకు.

నెల తిరగకముందే
ఉల్లికి సైజు అడిగినారు, గోళీ అంతదా, నడిమిదా, పెద్దదా.
బుడ్డలకు తేమ.
వాముకు రంగు, పచ్చగా ఉందా, నలుపు తిరిగిందా.
అన్నీ ఆ ఒక్క చీటీ నోట్లో కుక్కినాను.
ఉల్లి అయితే ఇది చూపు, కాకుంటే దాచు,
వాము కాకుండా, కంది కూడా కాకుండా ఉండి
తేమ ఉంటే, ఉన్నా అడక్కుంటే...
నేను రాసిన దాంట్లో
నాకే దారి దొరకలే.

కిందికి దిగి టీ తాగుతా చూస్తిని.
దస్తగిరి కాటా మీదికి బస్తా దించినాడు.
లోపల ఏముందని కాటా అడగలే.
బరువు చెప్పింది, ఊరుకుంది.
ఉల్లిని గిల్లి చూసేది, బుడ్డను ఒలిచి కొరికేది,
వామును అరచేతిలో నలిపి ముక్కుకు పెట్టుకునేది
ఎవరి షెడ్డులో వాళ్ళు.

టీ సగంలోనే పైకొచ్చి
చీటీని బక్కగా కోసినాను.
పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర.
కింద ఒక ఖాళీ జాగా,
పిలిచినోళ్ళు ఏం పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం.
సైజు ఉల్లి ఇంటికి పోయింది,
తేమ బుడ్డల ఇంటికి.

"రెండు గడులూ ఒకే మాదిరి ఉండాయి,
కలిపేద్దామా?" అనింది షంషాద్.
"ఉండనీ. మాదిరి ఒకటైతే
మనిషి ఒకటే అవుతాడా?
మూడోది వస్తే చూద్దాం."

మొన్న ఉరుకుందు మళ్ళీ వచ్చినాడు, కందులతో.
కాటా దగ్గరే ఫోను చూసి
జేబులో పెట్టుకున్నాడు. మెట్లెక్కలే.

ఆముదాల పేజీలో మాత్రం
ఒక మూల గీత ఇంకా వంకరగానే ఉంది.
యాడిదో వెతుకుతున్నాను.