మాటకు రూపాయి పావలా

చూడని ఊరి మీద పుస్తకం తెలుగు చేస్తున్నాను.
మాటకు రూపాయి పావలా.
ఉత్తరాన ఎక్కడో ఒక రేవు పట్నం.
అందరూ ఎగబడి చూసేవి కాక
దారి తప్పితే తప్ప దొరకని చోట్లు
నలభై ఉన్నాయట అందులో.

పన్నెండోది, వలలు ఆరేసే ఎర్రచెక్క గోదాము.
పదమూడోది, జూన్‌లో రాత్రి పదకొండుకి కూడా
హాయిగా ఎండ కాసే రాతిమెట్లు.
హాయిగా
అని రాసి, కొట్టేశాను.
కరెంటు పోయిన మే నెల మధ్యాహ్నం
రాయపురంలో, మూడో అంతస్తులో కూర్చుని
ఎండ పక్కన ఆ మాట ఎలా పెట్టను?

మంచుతో ఇంకో తంటా.
వాళ్ళకి రాలే మంచు వేరు, పేరుకున్నది వేరు,
కరిగి రాత్రికి మళ్ళీ బిగిసింది వేరు.
నాకు తెలిసిన మంచల్లా
కాశిమేడు ఐసు ఫ్యాక్టరీలో పోలయ్య దంచేది.
వెళ్ళి అడిగాను.
వేట నిషేధం నెలలు, ఖాళీగానే ఉన్నాడు.

"పొడి, పలుకు, పెళ్ళ, దిమ్మ" అన్నాడు
చెవి మీది బీడీ తీయకుండానే.
"వంజరానికి పొడి. రొయ్యకి పలుకు.
రేపటిదాకా ఆగాల్సిన సరుక్కి పెళ్ళ.
దిమ్మ మటుకు పడవెక్కి పోద్ది, పది రోజులకి."
పలుకంటే మాట కూడానని
అతనికి చెప్పలేదు.
నాలుగూ రాసుకున్నాను. అయిదు రూపాయలు.
టీ ఇప్పించాడు. అది పదిహేను.

ఆదివారం ఏళుమలై ఆటో ఎక్కి
ఎవర్నీ తీసుకెళ్ళని చోటికి పద అన్నాను.
రెండు సిగ్నళ్ళు ఆలోచించాడు.
మెరీనా దగ్గర ఆపలేదు,
లైట్‌హౌసు దగ్గరా ఆపలేదు.
అడయారు సముద్రంలో కలిసే చోట
కోడిగుడ్డు పెంకులా తెల్లగా పగిలిన వంతెన;
అవతలి గట్టు ఇంకా కొంత ఉండగానే
ఆగిపోయింది.
పూర్తి చేసినవాళ్ళు లేరు, కూల్చినవాళ్ళూ లేరు.
చివరి అంచున ఒక కుక్క
వరద పట్టుకుపోయిన సగం కేసి చూస్తోంది.

"ఇక్కడే ఈత నేర్చుకున్నా" అన్నాడు ఏళుమలై.
"మా అన్న కూడా.
వాడికి సరిగా రాలేదు."
తర్వాత చాలాసేపు
హారన్ తుడిచాడు, అద్దం తుడిచాడు.

బీసెంట్ నగర్ ఇసుకలో ఆ తెల్ల కమాను
నాకు తెలుసు, అతనికీ తెలుసు.
దాని నీడలో అతను ఎన్నో మధ్యాహ్నాలు కునుకు తీశాడు,
నేను కాలేజీ ఎగ్గొట్టి మామిడిముక్కలు తిన్నాను.
రాతి మీద ఏముందో ఇద్దరం చదవలేదు.
ఈసారి వేలు పెట్టి చదివి చెప్పాను:
ఒక నావికుడు. డెన్మార్కు వాడంటారు,
నా పుస్తకం ఊరికి ఇరుగు దేశం.
ఇతరుల ప్రాణాలు కాపాడబోయి
ఈ నీళ్ళలో మునిగిపోయాడు.

"ఇతరులంటే ఎవరు?" అన్నాడు ఏళుమలై.
రాతి మీద లేదు.
"బతికారా?"
అదీ లేదు.
సుండల్ పిల్లవాడు మా చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
ఏళుమలై రెండు పొట్లాలు కొని
ఒకటి విప్పకుండానే
రాతి అంచున పెట్టి వచ్చాడు.
కాకి అప్పుడే చూసేసింది.

ఇంటికొచ్చి పదమూడోది మళ్ళీ రాశాను.
రాత్రి పదకొండుకి కూడా చీకటి పడని మెట్లు.
ఊరివాళ్ళు అక్కడ కూర్చుని
సముద్రం కేసి చూస్తుంటారు,
ఎవరికోసమో.

ప్రూఫులు వచ్చాయి.
ఆఖరి మాట మీద శేషాచలంగారి ఎర్రగీత,
పక్కన గుండ్రటి అక్షరాలు:
"మూలంలో లేదు.
రూపాయి పావలా తగ్గించాను."