ఒక మెట్టు కిందికి

ఇజ్మీర్ ఆసుపత్రి, మూడో అంతస్తు.
డాక్టరమ్మ మీట నొక్కింది.
మంగలి నెజాత్ చెయ్యి
ఆరేళ్ళ తర్వాత
టీ గ్లాసును చప్పుడు కాకుండా సాసరులో దించింది.

నేను ఏడవలేదు.
సాసరునే చూస్తూ కూర్చున్నాను.

పుర్రెలో రెండు తీగలు,
ఛాతీ చర్మం కింద అగ్గిపెట్టంత బ్యాటరీ.
ఇంకాస్త పెంచితే
మంగలికత్తి కూడా పట్టొచ్చంది.
పెంచింది.
చెయ్యి చెప్పినమాట వింది.
"పెరిహాన్" అనబోయాడు.
నా పేరు
టీలో ముంచిన బిస్కెట్టులా
సగంలోనే జారిపోయింది.

కాసేపు కిటికీలోంచి ఓడల్ని చూశాడు.
తర్వాత వేలు కిందికి చూపించాడు,
తగ్గించమని.

ఇప్పుడు పొద్దున పూట కొంచెం వణుకుతాడు.
గ్లాసు గలగలమంటుంది.
ఆ చప్పుడు మీదుగా
నన్ను పూర్తిగా పిలుస్తాడు.

గడ్డం నేనే గీస్తాను.
కదలొద్దంటే నవ్వుతాడు.