మూడో గల్లీల సాంచె

కరెంటు పోతే
వాడకట్టు వాడకట్టే ఒక్కసారి నోరు మూసుకుంటది.
జనం మంచాలు బయటేసుకొని
‘అబ్బ, పానం సల్లవడ్డది’ అంటరు.

నా చెవులల్ల మాత్రం సాంచె ఆగదు.

సిరిసిల్లల ముప్పయ్యొక్క ఏండ్లు పాలిస్టర్ నేసిన.
గుడ్డ పోయింది సేటు గోదాముకు,
కూలి పోయింది కిరాణ దుకాణానికి,
సప్పుడొక్కటే నాకు మిగిలింది.

మొదట్ల దానితోటి మస్తు కొట్లాడిన.
ఎల్లిగడ్డ కాల్చి నూనె పోసిన,
దూదుండలు కుక్కిన,
తల గోడకేసి గుద్దుకున్న.
రేడియో పెద్దగ పెడితే
దానికంటె పెద్దగయ్యేది అది.
కరీంనగర్ల డాక్టరు బొమ్మ తెరిచి
చెవి లోపల నత్తగుల్ల అసొంటిది చూపెట్టి
‘సన్న వెంట్రుకలుంటయ్ పెద్దయ్యా, రాలిపోయినయ్,
మల్ల మొలువయ్’ అన్నడు.
బస్టాండుల కూసొని మూడు బస్సులు ఇడిసిపెట్టిన.
నాలుగోది ఎందుకెక్కిన్నో నాకెరుకలేదు.

ఎవ్వలకు వినరాని బాధ
ఎవ్వలకు లేని బాధే గద.
పిల్లలు నవ్వితే కసిరిన.
అండాలు గిన్నె జారిడిసిందని
పది రోజులు మాట్లాడలే.

మొన్న రాత్రి, మల్ల కరెంటు లేదు.
దోమలకు విసురుకుంట అండాలే అన్నది:
‘ఎట్లుంటదో జెర చెప్పరాదు, ఆ సప్పుడు.’
ఏడేండ్లల్ల ఎవ్వలు అడుగని మాట.
కోపం రావాలె, రాలే.
చెప్పాలంటే ముందు వినాలె గద.
విన్న.

ఎడమ చెవిల
వాన వెలిసినంక తుమ్మచెట్ల కాడి కీచురాయి.
కుడి చెవిల వేరే ఉన్నది,
సన్నగ, దూరంగ, మూడో గల్లీల
ఎవడో ఒక్కడే రాత్రి షిఫ్టు చేస్తున్నట్టు.
‘నడుమ నడుమ ఆగుతదా?’
‘ఆగది. ఊపిరి పీల్చుకున్నట్టు తగ్గి, మల్ల లేస్తది.’
‘మీ అవ్వ కండెలు చుట్టంగ
రాట్నం గట్లనే మూలిగేది.’
మూలిగేదా?
యాదికి తెచ్చుకుందామని
ఇంకింత దగ్గరికి పోయిన.
ఏడేండ్లు తలుపు నూకి పట్టుకున్న చేతులు
ఎప్పుడు సడలినయో.
అది లోపలికొచ్చి, ఓ దిక్కు కూసున్నది.
గంతే.

ఇంకా చెప్తనే ఉన్న.
అండాలు ఎప్పుడో నిద్రవోయింది,
విసనకర్ర రొమ్ము మీదనే.

తగ్గిందా అంటే తగ్గలే.
నిన్న గిట్లనే కార్ఖానల గింజుకొని
చాయ్ గ్లాసు ఇసిరికొట్టబోయిన.
గ్లాసు చేతులనే ఉన్నది, చాయ్ చొక్కా మీద పడ్డది.
పక్క సాంచెకాడి పోషెట్టి నవ్విండు.
అప్పుడే పోగు తెగింది. ముడేసిన.
ముడి గుడ్డలనే ఉంటది,
తొడిగేటోని వేలికి తగుల్తది, తగలనీ.

ఇయ్యాల పొద్దుగాల
సద్ది కట్టుకుంట అడిగింది, ‘ఎట్లున్నది?’
‘జెర ఎక్కువనే ఉన్నది’ అన్న,
మబ్బు వట్టింది అన్నట్టు.
అండాలు ఏమనలే,
డబ్బాల ఇంకో గంటె పచ్చిపులుసు పోసింది.